తేడా 180

కొత్త ఆవర్జా, అంటే లెడ్జరు పుస్తకం తెరవగానే ముందు మైదా జిగురు వాసన వస్తుంది. బైండింగ్ వాళ్లు ఆ జిగురు ఉడికేటప్పుడే కాస్త మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టకుండా. పైన ఎర్రగుడ్డ అట్ట, మూలలకి తోలు ముక్కలు, లోపల నీలం గీతల మధ్య సన్నటి ఎర్రగీతలు. మొన్న ఒక బైండింగ్ కొట్టు ముందు నుంచి నడుస్తుంటే ఆ వాసన తగిలింది. లోపల ఆవర్జాలు లేవు, అన్నీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులే. అయినా బీకాం చదివిన మూడేళ్లూ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

మాది అనకాపల్లి. బెల్లం మార్కెట్టు ఊరు. కాలేజీ పేరులోనే వర్తకుల సంఘం ఉన్న ఊరు. క్లాసులో సగంమందికి ఇంట్లోనో పక్కింట్లోనో లెక్కల పుస్తకాలు ఉండేవి. మిగతా సగం రైతుల పిల్లలు, బెల్లం దిమ్మలు ఏ కొట్టుకి తోలితే ఎంత పట్టీ వచ్చిందో ఇంట్లో రోజూ వింటూ పెరిగినవాళ్లు. అందుకేనేమో, కామర్స్ మాకు పుస్తకంలోంచి ఊడిపడిన సబ్జెక్టులా అనిపించలేదు.

చిట్టా రాయడం

మొదటి ఏడాది మొదటి నెలంతా మూడు సూత్రాలే. పుచ్చుకునేవారికి డెబిట్, ఇచ్చేవారికి క్రెడిట్. వచ్చేది డెబిట్, పోయేది క్రెడిట్. ఖర్చులు, నష్టాలు డెబిట్. ఆదాయాలు, లాభాలు క్రెడిట్. ఎక్కాలు అప్పజెప్పినట్టు క్లాసంతా ఒకేసారి చెప్పేవాళ్లం. కిటికీ అవతల సైన్సు వాళ్ల ల్యాబులో గాజు సామాను చప్పుడు, ఇవతల మా పాట.

సూత్రాలు నోటికి రావడం వేరు, ఖాతా ఏదో తేల్చడం వేరు. "రామారావుకి అద్దె 500 చెల్లించాం" అంటే క్లాసులో సగం చేతులు రామారావు ఖాతాకి డెబిట్ అనేవి. పుచ్చుకున్నది ఆయనే కదా అని. మాస్టారు బోర్డు మీద ఆ పేరుని గుండ్రంగా చుట్టి అడిగేవారు.

"ఆయన మనకి బాకీ పడ్డాడర్రా? రేపు వెళ్లి ఆ 500 వెనక్కి ఇమ్మంటే ఇస్తాడా?"

"ఇవ్వడు మాస్టారూ."

"మరి ఆయన ఖాతాలో ఎందుకు రాశారు? అది ఖర్చు. అద్దె ఖాతాకి డెబిట్."

అదే అద్దె ఇంకా ఇవ్వకుండా ఉండిపోతే, చెల్లించాల్సిన అద్దె ఖాతా వ్యక్తిగత ఖాతాల్లోకి వస్తుంది. ఎందుకంటే ఆ పేరు వెనక డబ్బు రావలసిన మనిషి ఉన్నాడు. ఈ ఒక్క తేడా పట్టుబడినవాడికి మొదటి ఏడాది సగం దాటినట్టే.

చిట్టా అంటే జర్నలు, లావాదేవీలు ముందుగా రాసే పుస్తకం. దాని పేజీకి అయిదు గళ్లు. తేదీ, వివరాలు, ఆవర్జా పుట, డెబిట్, క్రెడిట్. డెబిట్ ఖాతా పేరు గీతకి ఆనించి రాయాలి. క్రెడిట్ ఖాతా వేలెడు లోపలికి జరిపి "టు" అని మొదలుపెట్టి రాయాలి. కింద బ్రాకెట్లో ఆ లావాదేవీ ఏమిటో ఒక వాక్యం. ఆ తర్వాత వివరాల గడి మేరకే అడ్డగీత కొట్టాలి, అంకెల గళ్లలోకి గీత పోకూడదు. పోతే అక్కడ మొత్తం వేశారనుకునే ప్రమాదం ఉంది. నోట్సు దిద్దేటప్పుడు మాస్టారు అంకెల కంటే ముందు ఈ గీతలే చూసేవారు.

అందరూ చులకనగా చూసే గడి ఆవర్జా పుట. పరీక్షలో దానికి మార్కులు రావు కాబట్టి ఖాళీగా వదిలేసేవాళ్లు. అసలు పని అక్కడే ఉంది. చిట్టాలోంచి ఆవర్జాకి ఎక్కించిన తర్వాతే ఆ గడిలో పుట నంబరు వెయ్యాలి. మధ్యలో ఎవరైనా పిలిచి లేచి వెళ్లినా, మళ్లీ వచ్చి కూర్చున్నప్పుడు ఎంతవరకూ ఎక్కించామో ఆ గడే చెబుతుంది. ముందే నంబర్లన్నీ వేసుకుని తర్వాత ఎక్కిద్దామనుకుంటే ఏదో ఒక పద్దు జారిపోతుంది, పైగా ఆ జారడం కనపడదు.

కొట్టివేతలకీ ఒక పద్ధతి ఉండేది. అంకె మీద అంకె దిద్దకూడదు, రబ్బరు పెట్టకూడదు. తప్పు అంకె మీద ఒకే ఒక గీత, కింద ఏముందో కనపడేలా. పైన సరైన అంకె, పక్కన పొట్టి సంతకం. మొత్తాలు ముందు పెన్సిల్‌తో చిన్నగా, సరిపోయాకే సిరాతో. మొత్తం పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఇంకోసారి కూడాలి. ఒకే దిశలో రెండుసార్లు కూడితే, మొదటిసారి ఎక్కడ తప్పామో రెండోసారీ అక్కడే తప్పుతాం. ఏడూ ఎనిమిదీ పదహారు అని ఒకసారి నోటికొస్తే మళ్లీ అదే వస్తుంది. కిందినుంచి వస్తే ఆ రెండంకెలూ ఆ జతలో కలవవు.

అంకణా

బీకాంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ట్రయల్ బ్యాలెన్సు, అంటే ఖాతాల నిల్వలన్నీ డెబిట్ ఒకవైపు, క్రెడిట్ ఒకవైపు దింపే పట్టిక. మా ఇంటర్ తెలుగు పుస్తకంలో అంకణా. లెక్క బాగా కుదిరిన రోజున డెబిట్ మొత్తం, క్రెడిట్ మొత్తం పక్కపక్కన ఒకే అంకెగా నిలబడితే, వాటికింద స్కేలు పెట్టి రెండు గీతలు కొట్టడంలో ఒక ఆనందం ఉండేది. కానీ నేర్పింది కుదరని రోజులే.

"ఎంత తేడారా?"

"నూట ఎనభై మాస్టారూ."

"తొమ్మిదితో పోతుందా?"

ఆ ప్రశ్నతో క్లాసులో అలికిడి మొదలయ్యేది. 180 అనే తేడా మీద ఆయన పూర్తిగా ఒక పీరియడ్ చెప్పారు. ఆ బోర్డు ఇప్పటికీ కళ్ల ముందుంది.

మొదటి అనుమానం, 180 ఉన్న పద్దు ఒకవైపు ఎక్కి రెండోవైపు ఎక్కలేదేమో. పుస్తకాల్లో 180 ఎక్కడుందో వెతకాలి. రెండో అనుమానం, అందులో సగం, అంటే 90. డెబిట్ వెయ్యాల్సిన 90 క్రెడిట్ వైపు పడితే తేడా రెట్టింపు అవుతుంది. మూడోది, అంకెలు తారుమారు కావడం. 530ని 350 అని రాస్తే తేడా 180. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. ఇంకా ముందుకి వెళ్లొచ్చు. 180ని తొమ్మిదితో భాగిస్తే 20. అంటే తారుమారైనవి వందల, పదుల స్థానాల్లోని అంకెలు, వాటి మధ్య తేడా 2. కాబట్టి 530, 640, 310, 970 లాంటివే చూడాలి. 520నీ 710నీ చూడక్కర్లేదు. వందల పద్దుల్లోంచి ఇలా పదో పన్నెండో మిగులుతాయి. నాలుగోది, సున్నా జారడం. 200ని 20 అని ఎక్కిస్తే అదీ 180 తేడాయే, అదీ తొమ్మిదితో పోయేదే.

తేడా సరిగ్గా 10, 100, 1,000 అయితే కథ వేరు. అది కూడికలో తప్పు. పై స్థానానికి తీసుకెళ్లాల్సిన ఒకటి మర్చిపోవడమో, రెండుసార్లు వెయ్యడమో. అప్పుడు పద్దుల జోలికి వెళ్లకుండా మొత్తాలే మళ్లీ కూడాలి.

వెతకడానికీ వరస ఉంది. రాసిన వరసకి ఎదురు రావాలి. ముందు ట్రయల్ బ్యాలెన్సు మొత్తాలు. తర్వాత ఆవర్జాలోంచి నిల్వలు సరిగ్గా దిగాయో లేదో, నగదు, బ్యాంకు నిల్వలు వచ్చాయో లేదో. తర్వాత నిల్వలు తేల్చడం. ఆపైన కిందటేడు నుంచి తెచ్చిన ప్రారంభ నిల్వలు. చివరికి కొనుగోలు చిట్టా, అమ్మకాల చిట్టా మొత్తాలు, ఒక్కో పద్దు ఎక్కింపు. చాలామంది కంగారులో చివరిదానితో మొదలుపెట్టి గంటలు పోగొట్టుకుంటారు. తప్పు తరచుగా ఉండేది మొదటి రెండు మెట్లలోనే.

అప్పటికీ దొరక్కపోతే తేడాని అనామతు, అంటే సస్పెన్స్ ఖాతాలో పెట్టి ముందుకు వెళ్లాలి. దొరికినప్పుడు సవరణ పద్దు రాసి అనామతుని మూసెయ్యాలి. తప్పు ఒక్క ఖాతాకే తగిలితే సవరణలో రెండో కాలు అనామతు ఖాతా. రెండు ఖాతాల్లో తప్పుంటే ఆ రెంటి మధ్యే సవరణ, అనామతుకి పని లేదు. తప్పుల సవరణ లెక్కల్లో మార్కులన్నీ ఈ తేడా గుర్తుపట్టడంలోనే ఉండేవి.

అంకణా కలిసిందంటే లెక్కలు సరైనవని కాదని ఆయన పదేపదే చెప్పేవారు. పద్దు అసలు చిట్టాకే ఎక్కకపోతే రెండువైపులా సమానంగా పోతుంది. ఒక సుబ్బారావు ఖాతాకి బదులు ఇంకో సుబ్బారావు ఖాతాలో పడినా కలుస్తుంది. ఒకచోట 100 ఎక్కువ, ఇంకోచోట 100 తక్కువ పడి ఒకదాన్నొకటి కప్పేసినా కలుస్తుంది. మిషను రిపేరు ఖర్చుని మిషను విలువలో కలిపేసినా కలుస్తుంది.

కొట్లో ఎడమ, కాలేజీలో కుడి

సాయంత్రాలు మాలో కొందరు కమీషన్ కొట్లలో చిట్టా రాయడానికి వెళ్లేవాళ్లు. నేల మీద పరుపు, వాలు బల్ల, దాని పక్కన పాత పద్దుల పుస్తకాలు బొత్తులుగా. కొట్టంతా బెల్లం వాసన, తలుపు దగ్గర ఈగలు. అక్కడి గుమాస్తా గారికి డిగ్రీ లేదు. కానీ వేలు జార్చుకుంటూ పేజీ పొడుగునా కూడుతుంటే మేము నోరు తెరుచుకుని చూసేవాళ్లం.

కొట్లోకి వెళ్లిన మొదటి రోజే తలకిందులయ్యేది. దేశవాళీ పద్ధతిలో ఎడమ జమ, కుడి ఖర్చు. నగదు చిట్టా వరకూ ఇబ్బంది లేదు, వచ్చిన డబ్బు కాలేజీలోనూ ఎడమవైపే. చిక్కంతా మనుషుల ఖాతాల దగ్గర. రామయ్య దగ్గర డబ్బు వస్తే కాలేజీ పద్ధతిలో నగదు పుస్తకం ఎడమ పక్కన రాసి, రామయ్య ఖాతాలో కుడి పక్కకి ఎక్కిస్తాం. కొట్లో చిట్టాలో ఎడమన జమ రాస్తే, ఖాతాలోనూ ఎడమనే జమ. పక్క మారదు. "పక్క మార్చి రాయడమేంటి బాబూ, అతను ఇచ్చాడు, అతనికి జమ. అంతే కదా" అనేవారు గుమాస్తా గారు. రెండు పద్ధతుల్లోనూ అర్థం ఒకటే, రామయ్యకి క్రెడిట్. పేజీలో చోటే వేరు. ఇది తెలిశాక డెబిట్, క్రెడిట్ అంటే ఎడమ, కుడి అనే భ్రమ పోయేది.

కన్సైన్మెంటు లెక్కలైతే మాకు పుస్తకమే అక్కర్లేదు. ఒడిశాకో బెంగాలుకో లారీలో బెల్లం పంపితే సరుకు ఇంకా పంపినవాడిదే. అక్కడి ఏజెంటు అమ్మి, తన కమీషను, ఖర్చులు మినహాయించుకుని అకౌంట్ సేల్స్ అనే అమ్మకాల లెక్క పంపుతాడు. బాకీలు మునిగితే తనదే పూచీ అంటే డెల్ క్రెడెర్ అని అదనపు కమీషను. పరీక్షలో చిక్కంతా నష్టం దగ్గర. బెల్లం చెమ్మగిల్లి కారిపోవడం మామూలే. 1,000 కిలోలు 18,000 ఖరీదు, కిరాయి 1,000 కలిపి 19,000. దారిలో 50 కిలోలు మామూలు తరుగు. అప్పుడు ఆ 19,000నీ మిగిలిన 950 కిలోలే మొయ్యాలి, కిలో 20 పడుతుంది. ఏడాది చివర ఏజెంటు దగ్గర 150 కిలోలు మిగిలితే సరుకు నిల్వ 3,000. అదే లారీ బోల్తాపడి 50 కిలోలు పోతే అది అసాధారణ నష్టం. కిలో 19 చొప్పున 950 లాభనష్టాల ఖాతాకి పోతుంది, మిగతా సరుకు ధర పెరగదు. పోయింది రెండుచోట్లా 50 కిలోలే. వానలో తడిసిన దిమ్మల్ని కళ్లారా చూసిన పిల్లలకి ఈ రెంటి మధ్య తేడా ఎవరూ రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

ముగింపు లెక్కలు

పరీక్షలో పెద్ద మార్కుల ప్రశ్న ఇదే. వర్తకపు ఖాతా, లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ. అంకణాలో ఉన్న అంశం ఒక్కచోటే వస్తుంది, కింద సర్దుబాట్లలో ఇచ్చిన అంశం రెండు చోట్ల వస్తుంది. ఇది గుర్తుంచుకుంటే చాలావరకు పట్టీ కలిసిపోతుంది. అయినా ప్రశ్నపత్రం రాసేవాళ్లు వలలు పన్నేవారు. "కూలీ, జీతాలు" అని ఇస్తే వర్తకపు ఖాతాకి. "జీతాలు, కూలీ" అని తిరగేసి ఇస్తే లాభనష్టాల ఖాతాకి. సరుకు తెచ్చిన కిరాయి వర్తకపు ఖాతాకి, పంపిన కిరాయి లాభనష్టాల ఖాతాకి.

ఋణగ్రస్తులు, అంటే మనకి బాకీ ఉన్నవాళ్లు 52,000, ఇంకో 2,000 రానిబాకీ రద్దు చెయ్యాలి, 5 శాతం సంశయాత్మక బాకీల నిధి ఏర్పాటు చెయ్యాలి అంటే ముందు 2,000 తీసెయ్యాలి. నిధి 50,000 మీద 2,500. తొందరపడి 52,000 మీద 2,600 వేసినవాళ్లకి లాభమూ మారేది, ఆస్తులూ మారేవి. చిత్రమేమిటంటే పట్టీ మాత్రం కలిసేది. మేనేజరు కమీషను 10 శాతం, అదీ "కమీషను తీసేశాక మిగిలిన లాభం మీద" అంటే 10/110 వెయ్యాలి. లాభం 1,10,000 ఉంటే కమీషను 10,000. ఆ మాట లేకపోతే 11,000. "తీసేశాక" అన్న మాట కింద గీత గీసుకోమని మాస్టారు హాలు బయట నిలబడి కూడా గుర్తుచేసేవారు.

పట్టీ కలవకపోతే పరీక్షలో వెతుకుతూ కూర్చోవద్దనేవారు. అంశం అంశానికీ మార్కు పడుతుంది, పట్టీ కలవనందుకు పోయేది తక్కువే. కానీ కలిసినట్టు చూపించడానికి ఎక్కడో అంకె దూర్చితే దిద్దేవాళ్లకి వెంటనే కనపడుతుంది, ఆ తర్వాత పేపరంతా అనుమానంగానే చూస్తారు.

మిగిలినవి

రెండో ఏడాది భాగస్వామ్యం. 1932 చట్టం, కొత్త భాగస్వామి చేరిక, గుడ్‌విల్, రద్దు. అందులో అందరికీ గుర్తుండేది గార్నర్, ముర్రే కేసు, 1904. ఒక భాగస్వామి దివాలా తీసి 6,000 ఇవ్వలేకపోతే, ఆ లోటు మిగతావాళ్లు లాభాల నిష్పత్తిలో కాకుండా మూలధనాల నిష్పత్తిలో భరించాలి. మూలధనాలు 40,000, 20,000 అయితే 4,000, 2,000. లాభాలు సమానంగా పంచుకున్నా సరే. ముందుగా వాళ్లిద్దరూ ఆస్తుల అమ్మకం నష్టంలో తమ వాటా నగదుగా తేవాలి. ఉమ్మడి వ్యాపారాలున్న ఇళ్ల పిల్లలు దీని మీద గట్టిగా వాదించేవాళ్లు. ఎక్కువ పెట్టుబడి పెట్టినవాడికే ఎక్కువ దెబ్బేమిటని. వాళ్ల వాదనలో న్యాయం ఉందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఒప్పంద పత్రంలో దీని సంగతి ముందే రాసుకోవాలి. పత్రంలో లేనప్పుడే ఈ సూత్రం.

వినిమయ బిల్లులంటే ఫలానా గడువుకి డబ్బు చెల్లించాలని రాసుకునే పత్రాలు. వాటి గడువు లెక్క ఒక ఆటలా ఉండేది. 1881 చట్టం ప్రకారం మూడు గ్రేసు రోజులు కలపాలి. మే 12న మూడు నెలలకి రాసిన బిల్లు ఆగస్టు 12 కాదు, 15. ఆ రోజు సెలవు కాబట్టి ముందురోజు, 14. ఈ లెక్క ప్రతి పుస్తకంలోనూ ఉండేది.

కాలేజీ అయ్యాక టైపు ఇన్‌స్టిట్యూటు. లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. కామర్స్ వాళ్లకి అసలు పరీక్ష స్టేట్‌మెంటు కొట్టడం. పొడవైన అంకె ఎన్ని అక్షరాలో లెక్కపెట్టి, గళ్ల మధ్య ఖాళీలు పంచి, ట్యాబ్ స్టాపులు పెట్టుకుంటే ఒకట్ల కింద ఒకట్లు వస్తాయి. కార్బన్ తిరగేసి పెడితే అసలు కాగితం వెనకాలే అచ్చుపడుతుంది, కాపీ ఖాళీగా మిగులుతుంది.

మూడో ఏడాది ఖర్చుల లెక్కలైన కాస్టింగ్‌లో కాంట్రాక్టు ఖాతా ఒక్కటి చెప్పుకోవాలి. పని సగం దాటింది కానీ పూర్తికాలేదు. ఊహా లాభం 60,000, ధృవీకరించిన పని 2,00,000, చేతికొచ్చిన డబ్బు 1,60,000. అప్పుడు 60,000లో మూడింట రెండొంతులు, అందులో మళ్లీ వచ్చిన డబ్బు మేరకు 80 శాతం, అంటే 32,000 మాత్రమే లాభంగా తీసుకునేవాళ్లం. 28,000 రిజర్వు. మిగిలిన పనిలో ఏం జరుగుతుందో తెలియదు కనుక చెయ్యి బిగపట్టి లాభం తీసుకోవడం.

టాలీ వచ్చాక

బెంగళూరులో 1986లో పుట్టిన టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరు మా కొట్లలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక వాలు బల్లలు మాయమయ్యాయి. ఎఫ్5 పేమెంటు, ఎఫ్6 రిసీటు, ఎఫ్7 జర్నలు. డెబిట్, క్రెడిట్ సమానం కాకపోతే ఓచరు సేవ్ అవ్వదు. ప్రారంభ నిల్వలు తప్పుగా ఎక్కిస్తే తప్ప ట్రయల్ బ్యాలెన్సులో తేడా రాదు. 180 కోసం వెతికే పని పోయింది, ఆ కష్టం పోవడం మంచిదే. ఆ వెతుకులాటలో పుస్తకం మొత్తం మళ్లీ చదవడం కూడా పోయింది. అది నాకు నష్టంగానే కనిపిస్తుంది.

ఎందుకంటే అంకణా కలిసినా దాగి ఉంటాయని మాస్టారు చెప్పిన తప్పులు ఎక్కడికీ పోలేదు. మిషను రిపేరు 5,000ని మిషనరీ లెడ్జరు కింద కొడితే టాలీ కిక్కురుమనదు, డెబిట్ ఉంది, క్రెడిట్ ఉంది. పదిశాతం తరుగుదల 500 మాత్రమే ఖర్చుగా పోతుంది, ఆ ఏడాది లాభం 4,500 ఎక్కువ కనపడుతుంది. మిగిలిన 4,500 ఆస్తి విలువలో కూర్చుని, తర్వాతి ఏళ్లలో కొద్దికొద్దిగా తరుగుతూ ఆ లాభాల్నీ మారుస్తుంది. ఇప్పుడు బీకాం చదివే పిల్లలు నన్ను అడిగితే ఒక పనే చెబుతాను. మార్చి నెలాఖరున మిషనరీ, ఫర్నిచరు, కంప్యూటర్ల లెడ్జర్లు ఒక్కొక్కటీ తెరవండి. ఏడాదిలో డెబిట్ వైపు పడిన ప్రతి పద్దుకీ బిల్లు తీసి చూడండి. బిల్లు మీద కొత్త సరుకు పేరుంటే సరే. "బేరింగు మార్చినందుకు", "సర్వీసింగు" అని ఉంటే దాన్ని అక్కడినుంచి తీసి రిపేర్ల ఖాతాకి మార్చండి, తరుగుదల మళ్లీ లెక్కకట్టండి.